బాయిలరాయన నీళ్ళలో దిగిన వైనం

హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రుల తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ అది. మురికి మూటలు పొద్దున్నే లారీల్లో దిగుతాయి, సాయంత్రానికి తెల్లటి మడతలై వెళ్ళిపోతాయి. నీళ్ళు మరగాలన్నా, తడి ఆరాలన్నా, ఇస్త్రీ రోలర్లు వేడెక్కాలన్నా వెనక షెడ్డులో ఉన్న బాయిలరే దిక్కు. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని అందరూ బాయిలరాయన అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

బక్కపలచటి మనిషి. కనుబొమలు వేడికి సగం కాలిపోవడంతో ఎప్పుడూ దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవాడు. నిజానికి ఆయన్ని ఆశ్చర్యపరిచే సంగతులు లోకంలో పెద్దగా లేవు, ఆవిరి తప్ప. నిప్పూ నీళ్ళూ కలిసి ఇనుముని కదిలించడమనే విషయం ఎన్నేళ్ళు చూసినా ఆయనకి పాతబడలేదు.

ఇంటికొచ్చినా అదే ధ్యాస. వెనక గదిలో కిటికీ కింద ఒక బల్ల, బల్ల మీద ఆయన సొంతంగా చేసిన మూడు చిన్న ఆవిరి ఇంజన్లు. మొదటిది బొటనవేలంత సిలిండరుతో అటూ ఇటూ ఊగుతూ తిరిగేది. రెండోది అగ్గిపుల్లలు కోసే బుల్లి రంపాన్ని నడిపేది. మూడోదానికి రెండు సిలిండర్లు, ఆకుపచ్చ రంగు వేసిన చక్రం. అది తిరుగుతుంటే చక్రం ఆకులు కనపడకుండా పోయేవి. ఆదివారం పొద్దున్నే ఆయన స్పిరిట్ దీపాలు వెలిగించేవాడు. కాసేపట్లో గదినిండా వేడి నూనె వాసన, చిటచిటలు, బుసలు. ఆయన ముఖం వెలిగిపోయేది.

"ఏమే, ఓసారి ఇలా రా!" అని కేకేసేవాడు.

భార్య వచ్చి గుమ్మంలో నిలబడి, "బాగుందండీ" అని వెళ్ళిపోయేది. ఎప్పుడైనా దగ్గరికి వచ్చి చెయ్యి చాపితే, "ముట్టుకోకు, కాలుద్ది!" అని ఆయన గదిమేవాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకునేది. ఇంట్లోనే ఉండే అత్తగారు, అంటే భార్య తల్లి, మాత్రం మంచం మీదనుంచే, "టీ అయినా కాగదు కదా బాబూ దాని మీద!" అనేది. ఆ మాట ఆదివారం ఆదివారం అనేది, ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు నవ్వుకునేది.

బాయిలరాయనకి ఈ ఏర్పాటులో లోటేమీ కనపడలేదు. భార్య మెచ్చుకుంటూనే ఉందని ఆయన నమ్మకం. "బాగుందండీ" అనడమంటే మెచ్చుకోవడమే కదా.

ఆ నమ్మకం పార్కులో చెరువు దగ్గర కూలిపోయింది.

అత్తగారిని డాక్టరు నడవమన్నాడు. ఒక ఆదివారం సాయంత్రం ముగ్గురూ పార్కుకి వెళ్ళారు. పార్కు మధ్యలో మోకాలి లోతు చెరువు, చుట్టూ సిమెంటు గట్టు. గట్టు మీద జనం మూగి ఉన్నారు. నీళ్ళ మీద ఒక తెల్లటి పడవ వెళ్తోంది. మూరెడు పొడవు ఉంటుంది. రెండంతస్తులు, వరసగా కిటికీలు, పైన నల్లటి పొగగొట్టం, రెండు పక్కలా రెండు చక్రాలు. చక్రాల రెక్కలు నీళ్ళని తడుతూ, ఒక చిన్న అలని వెనక వదులుతూ పడవ నింపాదిగా మలుపు తిరిగింది.

అప్పుడు భార్య గుండె మీద చెయ్యి వేసుకుని, "అబ్బ!" అంది.

బాయిలరాయన తల తిప్పి ఆమెని చూశాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్ళు పెద్దవయ్యాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ముఖం ఆయన ఎప్పుడూ చూడలేదు. అంటే అలాంటి ముఖం ఆమెకి ఉందన్నమాట. ఇన్నాళ్ళూ ఉందన్నమాట.

"అయ్యో, అది మా సార్ పడవ!" అంది ఆమె, గట్టు అవతల రిమోటు పట్టుకున్న మనిషిని చూసి చెయ్యి ఊపుతూ.

సార్ అంటే కళ్ళజోళ్ళాయన. బజారు మలుపులో కళ్ళద్దాల షాపు ఆయనదే. బాయిలరాయన భార్య ఆ షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. ఆయన పొడుగ్గా, తీరుగా ఉంటాడు. చొక్కా ఎప్పుడూ నలగదు. భార్య పోయి చాలా కాలమైంది. పడవలు కట్టడం ఆయన సరదా అని ఆమెకి కూడా అప్పుడే తెలిసింది.

బాయిలరాయన పడవని పట్టి పట్టి చూశాడు. పొగగొట్టంలోంచి ఏమీ రావడం లేదు.

"దాంట్లో ఆవిరి లేదు," అన్నాడు. "బ్యాటరీ మోటారు. పొగగొట్టం ఉత్త డాబు."

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? ఎంత ముద్దుగా వెళ్తోందో చూడండి!"

"లోపల ఇంజనే లేనప్పుడు ఎక్కడికి వెళ్తే ఏంటి?"

"నీళ్ళ మీద వెళ్తోంది కదా బాబూ," అంది అత్తగారు. "నీవి బల్ల మీదే ఉంటాయి."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే బాయిలరాయన వెనక గదిలోకి వెళ్ళి పాత రేకులన్నీ బయటికి లాగాడు.

మర్నాటి నుంచి ఆయన పడవ కట్టడం మొదలెట్టాడు.

ఆవిరి గురించి ఆయనకి తెలియంది లేదు గానీ, నీళ్ళ గురించి ఏమీ తెలియదు. నీళ్ళంటే ఆయన దృష్టిలో లోపల పోసి మరిగించేవే. రేకు కత్తిరించి, వంచి, అంచులు అతికి ఒక తొట్టిలాంటిది చేశాడు. అందులో ఆకుపచ్చ చక్రం ఇంజన్ని బిగించాడు. ఇరుసుకి రెండు వైపులా రేకు రెక్కల చక్రాలు తొడిగాడు. స్నానాలగదిలో పెద్ద టబ్బునిండా నీళ్ళు పట్టి, దీపం వెలిగించి దాన్ని వదిలాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. ఎంత గిర్రునంటే, నీళ్ళని నురగ చేసి పారేశాయి గానీ పడవ అంగుళం కదల్లేదు. ఆ అదురుకి తొట్టి ఒక పక్కకి ఒరిగింది, పైన బరువు ఎక్కువై బోర్లా పడింది. కాలుతున్న బాయిలరు నీళ్ళలో మునిగి బుస్సుమంది. స్నానాలగది ఆవిరితో నిండిపోయింది.

తలుపు బయట అత్తగారు, "లోపల ఏం జరుగుతోంది బాబూ? నేను స్నానానికి రావచ్చా, వేడినీళ్ళు సిద్ధమేనా?" అని అడిగింది.

భార్య నవ్వాపుకుంటూ, "మా సార్‌ని అడగనా? ఆయన పళ్ళ చక్రాలేవో పెడతారట, వేగం తగ్గడానికి" అంది.

"మీ సార్‌ని ఎవరూ అడగక్కర్లేదు!"

ఆ రోజునుంచి ఇంట్లో "మా సార్" అన్న మాట ఎన్నిసార్లు వినపడుతోందో ఆయన గమనించడం మొదలెట్టాడు. మా సార్ పడవకి పలచటి చెక్క వాడతారట. మా సార్ రంగు రెండు పూతలు వేస్తారట, మధ్యలో ఆరనిస్తారట. మా సార్ ఇవాళ మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి రెయిలింగు అతికించారట. ఆమె మామూలుగానే చెప్పేది. ఇంతకుముందు షాపు కబుర్లు చెప్పినట్టే చెప్పేది. కానీ బాయిలరాయన చెవికి ఆ మాటల్లో ప్రతి ఒక్కటీ ఒక రెక్కై తపతపా తగిలేది.

ఒక సాయంత్రం ఆమె టీ కప్పు అందిస్తుంటే చూపుడువేలి గోరు కింద తెల్లటి రంగు కనిపించింది.

"ఏంటది?"

"ఏది? ఓ, ఇదా! మధ్యాహ్నం గిరాకీ లేదండీ. సార్ కొత్త పడవకి కిటికీ అంచులు వేశాను. నా చెయ్యి వణకదంట, సన్నగా వస్తోందంట."

"అంటే ఆయన పడవకి నువ్వు రంగులేస్తున్నావ్."

"కిటికీలకే."

"మన ఇంజన్లకి ఎప్పుడైనా రంగేశావా?"

ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. "ఎప్పుడైనా వెయ్యమన్నారా? దగ్గరికొస్తేనే ముట్టుకోకు, కాలుద్ది అంటారు."

"కాలుద్ది కాబట్టే అన్నాను!"

"చల్లారాకైనా పిలిచారా?"

ఆయనకి మరింత ఒళ్ళు మండింది. టీ తాగకుండానే వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అసలు ఆ షాపులో ఏం జరుగుతోందో తన కళ్ళతో చూడాలనిపించింది. ఊరికే వెళితే బాగుండదు. ఒక మధ్యాహ్నం లాండ్రీలో తోటిమనిషికి బాయిలరు అప్పజెప్పి, కళ్ళ పరీక్ష వంకతో వెళ్ళాడు.

షాపు చల్లగా ఉంది. గోడలనిండా అద్దాల అరలు, అరలనిండా ఫ్రేములు. ఎటు చూసినా తన ముఖమే కాలిన కనుబొమలతో కనిపించింది. భార్య కౌంటరు వెనక నిలబడి ఒక ముసలాయనకి కళ్ళజోడు పెడుతోంది. రెండు చేతులతో జోడుని ఆయన చెవుల మీదికి దించి, వంగి ముఖంలోకి చూస్తూ, "వెనక నొక్కుతోందాండీ? కిందికి చూడండి. ఇప్పుడు పక్కకి" అంటోంది. బాయిలరాయన అక్కడే ఆగిపోయాడు. రోజంతా ఆమె చేసే పని ఇదన్నమాట. ఊళ్ళోవాళ్ళందరి ముఖాలూ ఇంత దగ్గరనుంచి చూస్తుందన్నమాట! ఒక్క కళ్ళజోళ్ళాయన మీద పెట్టుకున్న కుళ్ళు అప్పటికప్పుడు ఊళ్ళో చూపు మందగించిన ప్రతివాడి మీదికీ పాకింది.

లోపలి గదిలోంచి కళ్ళజోళ్ళాయన వచ్చి, "మీరేనా! రండి రండి" అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ ఆవిడ మీ ఇంజన్ల గురించి ఒకటే చెప్తుంటారు. అగ్గిపుల్లలు కోసే రంపం ఉందంట కదా? నిజంగా కోస్తుందా?"

మరొకరైతే ఆ మాటకి పొంగిపోయేవారు. బాయిలరాయన గుండె కలుక్కుమంది. నా సంగతులు ఈయనకెందుకు చెప్పడం? ఇంకా ఏమేం చెప్పి ఉంటుంది? టబ్బులో మునిగిన సంగతి కూడానా?

"టబ్బులో ఇబ్బందైందంట," అన్నాడు కళ్ళజోళ్ళాయన సానుభూతిగా.

పరీక్ష గదిలో కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చూపించాడు. దూరపు అక్షరాలు బాయిలరాయన టకటకా చదివేశాడు. దగ్గరి అక్షరాల కార్డు చేతికిచ్చేసరికి చెయ్యి దానంతటదే ముందుకి సాగిపోయింది.

"దగ్గర చూపు తగ్గింది. సన్న పని చేసేవాళ్ళు ఇన్నాళ్ళు ఆగకూడదండీ."

"నాకు బాగానే కనిపిస్తోంది. అక్షరాలే మరీ చిన్నగా వేశారు."

కళ్ళజోళ్ళాయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత సొరుగు లాగి ఒక రాగి గొట్టం తీసి చూపించాడు. ఒక చివర మూత అతికించి ఉంది, రెండో చివర తెరిచే ఉంది. "ఇది నా బాయిలరు. అంటే, అవ్వాల్సింది. మూత బిగించే రోజు వచ్చేసరికి భయమేసింది. పేలిపోతే? ఎదురుగా కూర్చుని నిప్పు పెట్టే ధైర్యం నాకు లేదండీ. అందుకే బ్యాటరీ. పొగగొట్టం ఉత్త అలంకారం, మీరు కనిపెట్టే ఉంటారు." అలా చెప్పి హాయిగా నవ్వేశాడు.

తన నోటితో అనాలనుకున్న మాట ఎదుటివాడే అనేశాడు. బాయిలరాయనకి కాస్త గర్వం కలగబోయింది, కానీ నిలవలేదు. తనకి చేతకాని పనిని చేతకాదని ఇంత సులువుగా చెప్పి నవ్వగలగడం తన వల్ల అవుతుందా? ఈ జన్మలో కాదు. ఆ రోజు షాపులో ఆయన అసూయపడినవాటిలో అన్నిటికన్నా లోతుగా దిగింది ఆ నవ్వే.

కౌంటరు దగ్గర భార్యే ఆయనకి ఫ్రేము ఎంచింది. మూడు నాలుగు పెట్టి చూసి, ఒకటి పక్కన పెట్టి, "తల నిటారుగా పెట్టండి" అంది, గిరాకీతో అన్నట్టే. ఆమె వేళ్ళు చెవుల వెనక్కి వెళ్ళాయి. దగ్గరగా వంగి రెండు కళ్ళూ సమంగా ఉన్నాయో లేదో చూసింది. ఇంత దగ్గరనుంచి ఆమె తనని చూసి ఎంత కాలమైందో ఆయనకి గుర్తు రాలేదు.

"నొక్కుతోందాండీ?" అంది ఆమె.

"లేదు," అన్నాడు. కొంచెం నొక్కుతోంది. చెబితే ఆ ముసలాయనకి సరిచేసినట్టే సరిచేస్తుందని చెప్పలేదు.

ఇంటికొచ్చి కొత్త కళ్ళజోడుతో బల్ల ముందు కూర్చున్నాక ఇంకో దెబ్బ తగిలింది. తను నున్నగా అతికాననుకున్న అతుకులన్నీ గడ్డలు గడ్డలుగా ఉన్నాయి. ఆకుపచ్చ చక్రం మీద రంగు కారిన చారలు. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి "బాగుందండీ" అన్న మనిషికి ఇవన్నీ కనిపిస్తూనే ఉండి ఉంటాయి.

పాత తొట్టిని పారేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అడుగుభాగం వెడల్పుగా, బాయిలరు కిందికి, దాదాపు అడుగు రేకుకి ఆనేటట్టు పెట్టాడు. చక్రాల రెక్కలు నీళ్ళలో సగం వేలు మాత్రమే మునగాలని టబ్బు దగ్గర గంటలకొద్దీ కూర్చుని తెలుసుకున్నాడు. ఎక్కువ మునిగితే నీళ్ళని పైకెత్తి పోస్తాయి, తక్కువైతే ఊరికే చప్పుడు చేస్తాయి. ఇక మిగిలింది పళ్ళ చక్రాలు. కళ్ళజోళ్ళాయన్ని అడిగితే సంతోషంగా ఇస్తాడు. అందుకే అడగలేదు. అత్తగారి తలాపున ఉన్న అలారం గడియారం వైపు రెండు రోజులు ఆశగా చూశాడు.

మూడో రోజు అత్తగారే, "తీసుకో బాబూ. నేను లేచి ఏలాల్సిన రాజ్యమేం లేదు" అంది.

గడియారం విప్పుతుంటే ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. మొదట్లో చెణుకులు విసరడానికే కూర్చుంది. తర్వాత మరలు పడిపోకుండా సాసరులో పోగుచేసింది. ఆ తర్వాత రేకు కదలకుండా పట్టుకుంది. దీపం ఎలా వెలిగించాలో కూడా అడిగి చెప్పించుకుంది. గడియారపు పళ్ళ చక్రం ఇంజన్ ఇరుసుకి పడేసరికి రెక్కల చక్రాలు తీరిగ్గా, దర్జాగా తిరగడం మొదలెట్టాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడు పడవలా ఉంది," అంది అత్తగారు. "ఇందాకటిదాకా గుడ్లు గిలక్కొట్టేదానిలా ఉంది."

రంగు దగ్గర ఆయన ఆగాడు. భార్యని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె గోరు కింద తెల్లరంగు ఇంకా పోలేదు. వేరేవాడి కిటికీలు వేసిన కుంచెతో నా పడవకి వెయ్యక్కర్లేదు అనుకున్నాడు. ఎర్రరంగు డబ్బా, సన్న కుంచె తెచ్చి అత్తగారి చేతికిచ్చాడు.

భార్య షాపునుంచి వచ్చేసరికి తల్లి బల్ల ముందు కూర్చుని నాలుక బయటపెట్టి పడవ అంచు గీస్తోంది. భర్త రెండు చేతులతో పడవని పట్టుకుని, "కొంచెం ఎడమకి అత్తయ్యా, ఆ అదే, అబ్బో బాగా వచ్చింది" అంటున్నాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిసంచీ దించలేదు.

"అమ్మ చెయ్యి వణుకుతుంది," అంది చివరికి.

"వణికితే వణికింది. అల లాగా వచ్చింది," అంది తల్లి తలెత్తకుండా.

"నన్ను అడగొచ్చు కదా!"

"నువ్వు మీ సార్ పడవతో తీరిక లేకుండా ఉన్నావ్ కదా," అన్నాడు బాయిలరాయన. ఆ మాట ఎన్నాళ్ళుగానో దాచుకున్నట్టు సాఫీగా వచ్చింది.

ఆమె ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఉలుకూ పలుకూ లేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం మామూలుకన్నా గట్టిగా మాట్లాడాయి. తల్లితోనూ మాట్లాడలేదు. అత్తగారు అల్లుడి దగ్గరికొచ్చి, "దానికి చిన్నప్పటినుంచీ ఇంతే బాబూ. పక్కింటి పిల్లకి జడ వేశానని రెండు రోజులు తిండి మానేసింది" అని చెవిలో చెప్పింది. బాయిలరాయనకి ఆ మాట వింటే బాధ కలగాల్సింది. సంతోషం కలిగింది. తన మీద ఆమె కుళ్ళుకుంటోంది! ఆ వారం లాండ్రీలో ఆయన ఈల వేస్తూ పనిచేయడం అందరూ విన్నారు.

ఆదివారం పడవ పట్టుకుని పార్కుకి ఇంట్లోవాళ్ళకన్నా ముందే వెళ్ళాడు. కళ్ళజోళ్ళాయన అప్పటికే తెల్ల పడవతో ఉన్నాడు. ఎర్ర అంచున్న పడవని చూసి దగ్గరికొచ్చి వంగి, బాయిలరు చుట్టూ గాలిలోనే వేలితో గీస్తూ, "ఎంత కిందికి పెట్టారండీ! నాకు తట్టలేదు" అన్నాడు. బాయిలరాయన ముక్తసరిగా తలూపి దీపం వెలిగించాడు. ఆవిరి పట్టింది. దానికి బుల్లి కూత ఒకటి ముందే అమర్చి పెట్టాడు, దాన్ని లాగితే పిట్టకూతలా కీచుమంది. జనం మూగారు. ఇక వదలడమే తరువాయి.

కానీ భార్య ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. ఆమె చూడకుండా వదిలితే ఈ కష్టమంతా ఎందుకు? ఆయన వేచి ఉన్నాడు. దీపం మండుతూనే ఉంది. జనం విసుగెత్తి పోకుండా మధ్యమధ్యలో కూత వేశాడు. కూతకీ ఆవిరే ఖర్చు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు, ఆ సమయంలో ఆయన కళ్ళు ఆవిరి ఒత్తిడి చూపే గేజీ మీద లేవు, గేటు మీద ఉన్నాయి.

ఎట్టకేలకు తల్లీకూతుళ్ళు గేటు దగ్గర కనిపించారు. భార్య ముఖం ఇంకా ముడుచుకునే ఉంది, అయినా వచ్చింది. బాయిలరాయన పడవని నీళ్ళలో వదిలాడు.

వెళ్ళింది. ఎంత బాగా వెళ్ళిందో! రెక్కలు తపతపమంటూ, పొగగొట్టంలోంచి నిజమైన తెల్లటి ఆవిరి వెనక్కి వాలుతూ, అత్తగారి వంకర ఎర్రగీత నీళ్ళలో మెరుస్తూ, పడవ చెరువు నడిమికి సాగింది. గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన పడవని చూడలేదు, భార్యని చూశాడు. ఆమె పెదవులు విడబోతున్నాయి.

సరిగ్గా అప్పుడే పడవ ఆగిపోయింది. స్పిరిట్ అయిపోయింది. రెక్కలు ఒకసారి తడబడి నిలిచాయి. నడిచెరువులో ఎర్ర పడవ కదలకుండా నిలబడింది.

"కంగారు పడకండి, నేను తోసుకొస్తా," అని కళ్ళజోళ్ళాయన తెల్ల పడవని నీళ్ళలో పెట్టాడు. అది నింపాదిగా, మర్యాదగా, ఎర్ర పడవ వైపు బయల్దేరింది. ఇంకో నిమిషంలో దాని ముక్కు ఎర్ర పడవ వెనక ఆనుతుంది. బ్యాటరీ మోటారు ఆవిరి ఇంజన్ని పిల్లకాయని చెయ్యిపట్టుకుని తెచ్చినట్టు గట్టుకి తెస్తుంది. అందరూ చూస్తారు. ఆమె చూస్తుంది.

బాయిలరాయన చెప్పులతో సహా చెరువులో దిగాడు.

తోటమాలి అవతలనుంచి "ఏయ్! ఏయ్! దిగకూడదు!" అని అరిచాడు. ఆయన వినలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళు, కింద బురద. రెండు పడవల మధ్యకి చేరి ఎర్రదాన్ని ఎత్తాడు. బాయిలరు ఇంకా కాలుతోంది. "హా!" అని చెయ్యి విదిలించాడు, కాలు జారింది, కూలబడ్డాడు. నీళ్ళు మెడదాకా వచ్చాయి. పడవని మాత్రం మునగనివ్వకుండా తల మీద పెట్టుకున్నాడు. కళ్ళజోడు ఒక చెవికి వేలాడింది. ఆయన పడ్డ అలకి తెల్ల పడవ ఊగి, తిరిగి, ఆయన భుజానికి వచ్చి మెత్తగా ఆనుకుని, రెక్కలు తిప్పుతూ ఆయన్ని గట్టుకి తోయడానికి ప్రయత్నించింది.

గట్టు మీద భార్య నవ్వింది. మామూలుగా నవ్వలేదు. పొట్ట పట్టుకుని, గట్టు మీద కూర్చుండిపోయి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పక్కన అత్తగారు చేతికర్ర పారేసి మరీ నవ్వింది. కళ్ళజోళ్ళాయన ఒక్కడే నవ్వకుండా చెయ్యి అందించి పైకి లాగాడు. ఆ సమయంలో నవ్వకపోవడం కూడా బాయిలరాయనకి గొప్ప చూపించుకోవడంలాగే తోచింది.

ఇంటికి నడుస్తుంటే ఆయన చెప్పులు పిచిక్ పిచిక్ మన్నాయి. అత్తగారు కావాలనే వెనకబడింది. భార్య ఆయన కాలిన వేళ్ళకి తడి రుమాలు చుట్టింది.

"ముట్టుకోకు, కాలుద్ది అని నాకు చెప్పేది మీరే కదా," అంది.

ఆయన రోడ్డు వైపే చూస్తూ, "ఆయన పడవని చూసినట్టు నా ఇంజన్లని నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు" అన్నాడు. అన్నాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆమె నడక ఆపింది. "అందుకా ఇదంతా?"

"అందుకే."

"నేనేదో పడవ మోజనుకున్నాను!" ఆమెకి మళ్ళీ నవ్వు రాబోయింది, ఆపుకుంది. "ఆయన పడవని గట్టు మీద ఎవరైనా చూడొచ్చండీ. మీవాటిని చూడాలంటే గుమ్మంలో నిలబడాలి. మీరు చూడమన్నంతసేపే చూడాలి. చాలనగానే వెళ్ళిపోవాలి. ఇన్నేళ్ళలో అది ఎలా వెలిగించాలో కూడా నాకు చెప్పలేదు. అమ్మకి చెప్పారు. నాకు చెప్పలేదు."

బాయిలరాయనకి ఏం చెయ్యాలో తోచక తడిసిన పడవని ఆమె చేతిలో పెట్టాడు. చల్లారిపోయింది. ఆమె దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చింది.

తర్వాతి ఆదివారాలు ఆమె నేర్చుకుంది. బాయిలర్లో నీళ్ళు ఎంతవరకు పోయాలి, దీపం వత్తి ఎంత పైకి ఉండాలి, ఆవిరి ఒత్తిడి పెరిగితే మూత ఎలా గుసగుసలాడుతుంది, అన్నీ. మొదట్లో ఆయన ప్రతిదానికీ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నా చెయ్యి వణకదు, తియ్యండి" అని ఆమె తోసేసేది. నిజంగానే వణకలేదు. కంగారూ లేదు. జనం కోసం కూత వెయ్యదు, ఎవరి కోసమూ ఆగదు. ఆమె వదిలితే ఎర్ర పడవ చెరువు చుట్టూ రెండు చుట్లు తిరిగి, సరిగ్గా ఆమె నిలబడ్డ చోటికే వచ్చి ఆగేది. వంకర గీతని సరిచేస్తానంటే తల్లి ఒప్పుకోలేదు. దాని పైన కూతురు ఒక నీలం గీత సన్నగా, తిన్నగా గీసుకుంది.

కొన్ని నెలలకి పార్కుకొచ్చేవాళ్ళంతా దాన్ని అద్దాల షాపావిడ పడవ అనడం మొదలెట్టారు. "ఆవిడ వచ్చారా? ఇవాళ వదులుతారా?" అని బాయిలరాయన్నే అడిగేవారు. స్పిరిట్ సీసా పట్టుకుని నిలబడ్డ మనిషే దాన్ని చేశాడని ఎవరికీ తట్టేది కాదు. కళ్ళజోళ్ళాయన సొరుగులోని రాగి గొట్టం తెచ్చి ఆమెకి చూపించి, మూత ఎలా బిగించాలని అడిగాడు. ఆమె చెప్పింది. బాయిలరాయన పక్కనే ఉండి విన్నాడు. తను చెప్పిన మాటలే, తను చెప్పినదానికన్నా తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పింది. ఆయన పళ్ళు నూరుకున్నాడు. ఇప్పుడు ఎవరి మీద కుళ్ళుకోవాలో కూడా సరిగ్గా తేలలేదు. పడవ మీదా, కళ్ళజోళ్ళాయన మీదా, భార్య మీదా?

అయినా ఏ ఆదివారమూ మానలేదు. ఆమె దీపం వెలిగించే ముందు కళ్ళజోడు సర్దుకుని వంగి అతుకులన్నీ చూసేవాడు. సరిగ్గా ఉంటే తలూపేవాడు. ఆమె ఆయన తలూపేదాకా అగ్గిపుల్ల గియ్యదు.

ఈ మధ్య వెనక గదిలో మళ్ళీ రేకు కోస్తున్న చప్పుడు మొదలైంది. కొత్త పడవ. దీనికి పక్కన రెండు చక్రాలు కాదు, వెనక ఒకటే పెద్ద చక్రం. అత్తగారు రేకు కదలకుండా పట్టుకుంటోంది, మరలు సాసరులో పోగుచేస్తోంది.

"లోపల ఏంటది?" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఏం లేదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

గిన్నె దింపిన చప్పుడు, ఆ వెంటనే అడుగుల చప్పుడు వినిపించాయి. బాయిలరాయన గబగబా ఒక లాండ్రీ తువ్వాలు తీసి బల్ల మీద కప్పాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా లోపలికొచ్చి తువ్వాలు తీసింది. కాసేపు వంగి చూసి, "వెనక చక్రం ఇంత పెద్దదైతే ముక్కు పైకి లేస్తుందండీ" అంది.

"లేవదు."

"లేస్తుంది. పందెమా?"

"పందెమే," అన్నాడు బాయిలరాయన, కత్తెర పుచ్చుకుంటూ.